పదవ తరగతి పిదప విద్యామార్గ నిర్ణయము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు పలుకుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. ముప్పదియేండ్లకు పైగా పల్లెటూరి ఉన్నతపాఠశాలలో తెలుగు సంస్కృతములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. నాకు యంత్రశాస్త్రము రాదు. వైద్యశాస్త్రము అంతకంటె రాదు. అయినను పదవ తరగతి ముగించి పాఠశాల గుమ్మము దాటి పోవు బాలబాలికలను ఏటేట సాగనంపినవాడను గనుక, వారు పిదప ఏ త్రోవను బోయిరో, ఆ త్రోవ నేల పట్టిరో, అది వారి నెచ్చటికి చేర్చెనో కొంత చూచి యుంటిని. ఆ చూచినదానిని, విచారించి తెలిసికొన్నదానిని మీ ముందుంచుటయే నేడు నా పని.

ఈ సభ శ్రీ సిటీయందు జరుగుట మిక్కిలి సమంజసముగ నున్నది. ఈ నేల కథ మీలో పెద్దలెఱుగుదురు. 1960 సంవత్సరము ఏప్రిలు 1వ తేదీవఱకు ఈ సత్యవేటి సీమలోని గ్రామములు చెంగల్పట్టు జిల్లాకు చెంది యుండెను. నాడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోయెను, సత్యవేడు ఆంధ్రమునకు వచ్చెను. అటుపిమ్మట ఏబదియేండ్లు ఈ మెట్టభూములు వానలకు ఎదురుచూచుచు వేరుసెనగ పండించెను. 2008 ఆగస్టులో శ్రీ సిటీ ప్రారంభమాయెను. నేడిచ్చట ఇసుజు వారి వాహనములు, ఆల్‌స్టమ్ వారి మెట్రో రైలుపెట్టెలు, డైకిన్ వారి శీతలయంత్రములు తయారగుచున్నవి. పిల్లలు తిను చాకొలేటులును ఇచ్చటనే పుట్టుచున్నవి. నేల యమ్ముకొన్న మన బంధువులకు రొక్కము వచ్చినది, పోయినది. ఇక వారి బిడ్డలకు మిగిలిన యాస్తి చదువొక్కటే. ఆ చదువులో పదియేనవ యేట చేయు నిర్ణయము పొలమమ్ముటవంటిదే. పత్రము వ్రాసినపిమ్మట తిరిగి కొనుట యెంత కష్టమో మీరెఱుగనిది కాదు.

మన ప్రాచీనులు ఏ శాస్త్రము నారంభించినను మొదట అనుబంధచతుష్టయము చెప్పెడివారు. విషయ మెద్ది, ప్రయోజన మెద్ది, సంబంధ మెద్ది, అధికారి యెవ్వడు, అను నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరకినగాని గ్రంథము విప్పెడివారు కారు. ఇప్పుడు మన యిండ్లలో ప్రయోజనమొక్కటే అడుగుచున్నారు: ‘ఇది చదివిన జీతమెంత వచ్చును?’ అని. విషయము నడుగువారు కొందఱు. అధికారి నడుగువా రెవ్వరును లేరు. అధికారియనగా ఇచ్చట ఆ చదువు చదువవలసిన పిల్లవాడు. వానికి లెక్కయందు రుచి కలదా, పుస్తకము పట్టిన కూర్చుండగలడా, చేతిపనియందు నేర్పుగలవాడా, మాటనేర్పరియా అని చూచినవారేరీ? పొరుగింటి వాడు ఎం.పి.సి. చేరినాడు గనుక మనవాడును చేరవలెను. దీనికే శాస్త్రములో గడ్డలికాప్రవాహమని పేరు. ముందు గొఱ్ఱె నూతిలో దూకినచో తక్కినవియు దూకును.

మాఘమాసము రాగానే, ఇంకను పదవ తరగతి పరీక్షలు జరుగకమునుపే, పి.ఆర్.ఓ.లను పేర పిలువబడు కొందఱు బైకులపై గ్రామములకు వచ్చి, పిల్లల పేర్లును తండ్రుల ఫోను నెంబర్లును సంపాదించి, ‘ఇప్పుడే సీటు ఖాయము చేసికొనిన రుసుములో తగ్గింపు’ అని ఆశ పెట్టుదురు. వారు పిల్లవాని ముఖము చూడరు. వారికి కావలసినది జాబితా నిండుట. నేను పని చేసిన దినములలో ఒకతూరి మా బడి యావరణములోనికే వచ్చి, తరగతి జరుగుచుండగా కాగితములు పంచుచుండిన యొకనిని చూచితిని. ఆ కాగితముపై నున్న ర్యాంకుల బొమ్మలు చూచి పిల్లలు మురియుచుండిరి. ఆ ర్యాంకులు వచ్చినవారెందఱు, రానివారెందఱు అని యా కాగితము చెప్పదు గదా!

కొందఱు పెద్దలు నాతో వాదించుదురు: ‘అయ్యా! సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు మన తిరుత్తణివాడు, మన తిరుపతిలో చదివినవాడు. ఆయన తత్త్వశాస్త్రము చదువ నెంచి చేరెనా? బంధువొకడు తన పాత పుస్తకము లిచ్చుటచే తత్త్వశాస్త్రము చేరెనట! అయినను రాష్ట్రపతి యాయెను గదా!’ అని. ఆ కథ నిజమనియే ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. డబ్బు చాలని యింటి బాలునికి ఉచితముగ లభించిన పుస్తకములు ఆయన విద్యను నిర్ణయించినవి. కాని ఆ దినములలో ఒక త్రోవ పట్టినవానికి రెండవ త్రోవ మూసికొనిపోలేదు. మద్రాసు క్రిస్టియన్ కళాశాల తలుపు వద్ద లక్షలమంది నిలిచి యుండలేదు. నేటి పిల్లవానికి అట్టి వెసులుబాటు లేదు. ఇంటర్మీడియేటులో జీవశాస్త్రము తీసికొనక గణితము తీసికొనినవానికి వైద్యవిద్య తలుపు మూసికొనును. జీవశాస్త్రము తీసికొని గణితము విడిచినవానికి ఇంజనీరింగు తలుపు మూసికొనును. సి.ఇ.సి. చేరినవానికి ఆ రెండును మూసికొనును. కావున ఏ తలుపు మూసికొనుచున్నదో తెలిసి మూయవలెను. తెలియక మూసికొనుటయే దుఃఖహేతువు.

ఇక ఆ తలుపుల సంగతి. 2025-26 విద్యాసంవత్సరము నుండి మన రాష్ట్రపు ఇంటర్మీడియేటు బోర్డువారు కొన్ని మార్పులు చేసిరి. అవి మన గ్రామములలో పలువురకు నేటికిని తెలియవు. గణితము ఏ, బి యని రెండు పత్రములుగ నుండెడిది ఒక్కటి యాయెను. వృక్షశాస్త్రము జంతుశాస్త్రము కలిసి జీవశాస్త్రమాయెను. అన్నిటికంటె ముఖ్యము, గణితమును జీవశాస్త్రమును ఒక్క విద్యార్థియే చదువుకొనుటకు ఎం.బై.పి.సి. యను వర్గము నేర్పఱచిరి. ఇది మనకు క్రొత్త గాని పొరుగువారికి క్రొత్త కాదు. ఈ శ్రీ సిటీ పొలిమేర దాటిన తమిళదేశమున ప్లస్ టూ తరగతులలో గణిత జీవశాస్త్రములు కలిసిన గ్రూపు ఏనాటినుండియో కలదు. తడ దాటిన పిల్లవానికి పదునేడవ యేటివఱకు రెండు తలుపులును తెఱచియుండగా, ఈవలి పిల్లవానికి పదియేనవ యేటనే ఒకటి మూసికొనుచుండెను.

అట్లని అందఱు పిల్లలను ఎం.బై.పి.సి.యందు చేర్పుడని నేను చెప్పను. గణితము, భౌతికము, రసాయనము, జీవశాస్త్రము, వానిపై ఇంగ్లీషు. ఇన్నిటిని మోయుటకు బలము గల పిల్లలు కొందఱే యుందురు. ఏది కావలెనో ఇంకను తేలని చుఱుకైన బాలబాలికలకు అది మేలు. ‘రెండు పడవలమీద కాలు’ అని వెక్కిరించువారికి నేను చెప్పునది యేమన, రేవు చేరువఱకు పడవను విడువకుండుట దోషము కాదు. కాని పదవ తరగతిలోనే లెక్కలనిన కన్నీరు పెట్టుకొను పిల్లను, ‘ఏమో, దేనికైనను పనికివచ్చును’ అని గణితము నెత్తినబెట్టి పంపుట క్రౌర్యము.

బై.పి.సి. యనగానే డాక్టరు అను నొక్క మాటయే మన తల్లిదండ్రుల నోట వచ్చును. 2024లో నీట్ పరీక్ష వ్రాసినవారు దేశమంతట 23 లక్షలకు పైగా నుండిరి, ఎం.బి.బి.ఎస్. స్థానములు లక్షకు కొంచెము పైన. అనగా ఇరువదిమందిలో ఒక్కనికి. తక్కిన పందొమ్మిదిమంది యేమి కావలెను? మన యిండ్లలో దీనికి సమాధానము ‘లాంగ్‌టర్మ్’ అను మాట. ఒక యేడు, రెండేండ్లు, మూడేండ్లు. నీట్‌కు ఇన్నిమార్లే వ్రాయవలెనను నియమము లేదు గనుక ఆశకును హద్దు లేకపోయినది. పశువుల నమ్మి మూడవ యేడు లాంగ్‌టర్మ్ రుసుము కట్టిన తండ్రి నొకనిని నేనెఱుగుదును. ఆ పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు. వానికి బై.పి.సి.తోడనే పోదగిన వేఱు త్రోవలున్నవని ఎవ్వరును చెప్పలేదు.

ఆ త్రోవలు మన యింటి ముందఱనే యున్నవి. 1961లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల తిరుపతిలో నున్నది; ఇ.ఏ.పి.సెట్ వ్రాసి అందు చేరవచ్చును. వ్యవసాయదారుల బిడ్డలకు ఆ విద్యయందు ప్రత్యేక స్థానములు గలవు. మన సంఘమున సేద్యము చేయని యిల్లు అరుదు. అయినను ఆ స్థానములకు దరఖాస్తు పెట్టిన పిల్లలు నాకు తెలిసి వ్రేళ్లపై లెక్కింపదగినంతే. ఔషధశాస్త్రము, నర్సింగు, ఫిజియోథెరపీ కలవు. ఇంకొకటి కలదు, దాని పేరు మనవారిలో నూటికి ఒక్కనికిని తెలియదు. ఏర్పేడు దగ్గర ఐసర్ తిరుపతి యను జాతీయ విజ్ఞానసంస్థ కలదు. 2015లో ఆరంభమైనది. అందు ఐదేండ్ల విద్య. దాని ప్రవేశపరీక్షలో జీవశాస్త్రము, రసాయనము, గణితము, భౌతికము నాలుగింటికి సమానముగ పదునైదేసి ప్రశ్న లుండును. జీవశాస్త్రము చదివినవారును వ్రాయవచ్చును, గణితము చదివినవారును వ్రాయవచ్చును. అయితే రెండును చదివినవానికి నాలుగు భాగములును చేతిలో నుండును. ఎం.బై.పి.సి. ప్రయోజన మిచ్చట ప్రత్యక్షము. పరిశోధనయందు రుచిగల బిడ్డకు వైద్యశాలకంటె అదియే తగినచోటు కావచ్చును.

ఎం.పి.సి. విషయమున మన వారికి భ్రమ లెక్కువ. ఏర్పేడులోనే ఐ.ఐ.టి. తిరుపతి యున్నది, అదియు 2015లోనే ప్రారంభమైనది. దానిని బస్సు కిటికీలోనుండి చూచిన ప్రతి తండ్రికిని తన కొడుకు అందున్నట్లే తోచును. దేశమునందలి 23 ఐ.ఐ.టి.లలో కలిపి స్థానములు సుమారు 18,000. జె.ఇ.ఇ. మెయిన్‌లో మొదటి రెండున్నర లక్షలమందిలో నిలిచినవారే అడ్వాన్స్‌డ్ వ్రాయుటకు అర్హులు. ఆ అడ్వాన్స్‌డ్ వరుసగ రెండేండ్లలో రెండుమార్లు మాత్రమే వ్రాయవచ్చును. ఇంటర్మీడియేటులో నూటికి 75 మార్కులైనను రావలెను, లేదా ఆ బోర్డులో మొదటి ఇరువది పాళ్లలోనైనను నుండవలెను. షెడ్యూల్డు కులముల తెగల వారికి 65 చాలును. ఈ నియమము తెలియక, ‘ఇంటర్ మార్కులతో పనియేమి, పరీక్షయే ప్రధానము’ అని కళాశాలలో చెప్పిన మాట నమ్మి ఇంటర్ పుస్తకము ముట్టని బాలురు కలరు. మన యిల్లు విడువకుండ ఇంజనీరింగు చదువుట కీ శ్రీ సిటీలోనే ట్రిపుల్ ఐ.టి. కలదు. 2013లో పుట్టినది, దానికిని జె.ఇ.ఇ. మెయినే ద్వారము. ఆ పరీక్షను తెలుగులోను వ్రాయవచ్చునని తెలిసినవారు ఈ సభలో ఎందఱున్నారు? నీట్ సంగతియు నట్లే. అడ్వాన్స్‌డ్ మాత్రము ఇంగ్లీషు, హిందీ భాషలలోనే.

శ్రీహరికోటనుండి రాకెట్టు ఎగిరినప్పుడెల్ల మన పిల్లలు మిద్దెలెక్కి ఆ పొగదారి చూచి, ‘నేను రాకెట్టు చేసెద’ నందురు. అట్టి బిడ్డకు తిరువనంతపురమున 2007లో ఏర్పడిన అంతరిక్షవిద్యాసంస్థ కలదనియు, దానికి అడ్వాన్స్‌డ్ మార్కులు కావలెననియు చెప్పవలసినవారు మనమే. ఊరక ‘బాగుగ చదువుము’ అనిన చాలదు. దేనిని, ఏ పరీక్షకై, ఎప్పటిలోపల అని చెప్పవలెను.

మన రాష్ట్రపు ఇ.ఏ.పి.సెట్ లెక్క వేఱు. అందు పరీక్షకు నూటికి 75 పాళ్లు, ఇంటర్మీడియేటు గ్రూపు మార్కులకు 25 పాళ్లు కలిపి ర్యాంకు కట్టుదురు. ఇచ్చట ‘గ్రూపు మార్కులు’ అను మాట గమనింపుడు. భాషల మార్కు లందు చేరవు. ఇది చెప్పగానే నాకొక పాత బాధ జ్ఞాపకమునకు వచ్చుచున్నది. మీరు క్షమింపవలెను, ఇది నా విద్యకు సంబంధించిన మాట.

ఇంటర్మీడియేటు చేరు పిల్లలలో గొప్పభాగము రెండవ భాషగ సంస్కృతము గైకొనుచున్నారు. సంస్కృతపండితుడను గనుక నేను సంతోషింపవలెను గదా! కాని వారు గైకొనునది మార్కుల కొఱకు. రెండేండ్లు ‘సంస్కృతము’ చదివి నూటికి తొంబదియెనిమిది తెచ్చుకొని, రామశబ్దము చెప్పలేని వారిని, నాగరలిపిలో తమ పేరు వ్రాసికొనలేని వారిని నే నెందఱినో చూచితిని. ఆ మార్కులు ఇ.ఏ.పి.సెట్ ర్యాంకులో కలియవని వారికి తెలియదు. అట్లని తెలుగును నేర్చిరా? అదియు లేదు. పదవ తరగతితో తెలుగు ముగిసినది. ఇప్పుడు క్రొత్త ఏర్పాటులో ఇంగ్లీషు మాత్రమే తప్పనిసరి. రెండవ భాషకు బదులు వేఱొక ఐచ్ఛికవిషయము గైకొనుటకును వీలున్నది. ఎం.పి.సి. పిల్లవానికి అందువలన కలుగు మేలు నేను కాదనను. కాని భాష విడిచి విషయము గైకొనునప్పుడు ఆ విషయము నిజముగ కావలసియే గైకొనవలెను. సంస్కృతము ప్రీతితో చదువగోరు బిడ్డ యున్నచో వానికి తిరుపతిలోని రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠము 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయముగ మాఱి కేంద్రీయ విశ్వవిద్యాలయ మైనదని చెప్పుదును. అట్టి బిడ్డ మన సంఘమున ఏటికొక్కడు దొరకినను నా జన్మ ధన్యము.

పోషకమహాశయులారా! ఇక మీకు కొంత చేదుగ నుండు మాట. మన సంఘము ఏటేట ఈ వేదికమీద శాలువలు కప్పునది డాక్టరు సీటు వచ్చినవారికి, ఐ.ఐ.టి. సీటు వచ్చినవారికి. మన విద్యార్థివేతనముల నియమావళిలోను ఎం.పి.సి., బై.పి.సి. చదువువారే పేర్కొనబడియున్నారు. ఈ నియమము చేసిన పెద్దలు సదుద్దేశముతోనే చేసిరి. నాడు మన కులమున డాక్టరు లేడు, ఇంజనీరు లేడు. కాని నేడీ నియమమే పిల్లలను తమకు సరిపడని చదువులోనికి త్రోయుచున్నది. సి.ఇ.సి. చేరిన వానికి వేతనము లేదనిన, ఆ చదువు తక్కువదని మనమే వానికి చెప్పినట్లు కాదా? సి.ఇ.సి. గాని ఎం.ఇ.సి. గాని చదివినవాడు సి.ఏ. పరీక్షకు పోవచ్చును. ఈ శ్రీ సిటీలోని ప్రతి కర్మాగారమునకు లెక్కలు చూచువారు, సుంకముల వ్యవహార మెఱిగినవారు, సరకు రవాణా నడపువారు కావలెను. హెచ్.ఇ.సి. చదివినవారు క్లాట్ వ్రాసి హైదరాబాదులోని నల్సారులోనో, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయములోనో చేరవచ్చును. ఆ పరీక్షకు ఏ గ్రూపు వారైనను అర్హులే. 2022నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయములకు సి.యు.ఇ.టి. యను పరీక్ష వచ్చినది. ఆర్ట్సు చదివిన పేదపిల్లకు ఢిల్లీవఱకు ద్వారము తెఱచినది అదియే. మీ కండ్లయెదుటనే, ఈ శ్రీ సిటీలోనే, క్రియా విశ్వవిద్యాలయము 2018 నుండి శాస్త్రములను కళలను కలిపి బోధించుచున్నది. ధనికుల బిడ్డలు ఎచ్చటెచ్చటినుండియో వచ్చి మన యూరిలో చరిత్ర, అర్థశాస్త్రము చదువుచుండగా, మన బిడ్డలకు ఆ చదువు తగదని మనమేల యనవలెను?

పాలిటెక్నిక్ మాట మఱచితినను కొనకుడు. నా యభిప్రాయమున మన ప్రాంతమునకు అన్నిటికంటె ఉపయుక్తమైన త్రోవ అది. పదవ తరగతి పిదప పాలిసెట్ వ్రాసి మూడేండ్లు చదివినచో డిప్లొమా చేతికి వచ్చును. ఈ కర్మాగారములకు కావలసిన చేయితిరిగిన పనివారు డిప్లొమా వారు, ఐ.టి.ఐ. వారు. పై చదువు కావలెనన్నను ద్వారము మూయలేదు, ఇ.సెట్ వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరములో నేరుగ చేరవచ్చును. వరదయ్యపాళెము దగ్గర పల్లె బాలిక యొకతె నా శిష్యురాలు. లెక్కలలో నేర్పరి, కాని ఇంటిలో ఇంటర్ రెండేండ్లు కోచింగు పెట్టించు శక్తి లేదు. డిప్లొమా చదివి, రెండేండ్లు పని చేసి, ఆ జీతముతో తమ్ముని చదువు నిలిపి, పిదప ఇ.సెట్ వ్రాసి ఇంజనీరాయెను. ఆమెకు మనమే శాలువయు కప్పలేదు. ర్యాంకుల జాబితాలో ఆమె పేరు లేదు గదా!

ఆడుబిడ్డల విషయము ఇచ్చటనే చెప్పవలెను. ఫోనులు కూర్చు కర్మాగారములలో మన పల్లెల బాలికలు వేలకొలది పని చేయుచున్నారు. బస్సు ఇంటిముందఱికి వచ్చును, నెలజీతము చేతికి వచ్చును. వారు తెచ్చు జీతమువలన ఎన్నో యిండ్లలో పొయ్యి వెలుగుచున్నది. ఆ పనిని నేను కించపఱుపను. కాని పదునెనిమిదేండ్లు నిండినంతనే చదువు మాన్పించి పంపిన బాలిక ఇరువదియెనిమిదవ యేటను ఆ బల్లవద్దనే యుండును. మూడేండ్లు ఓర్చి డిప్లొమా చదివించినచో ఆమెయే ఆ వరుసను పర్యవేక్షించును. కొడుకుకు లాంగ్‌టర్మ్ మూడవ యేటి రుసుము కట్టగలిగిన తండ్రి కూతురుకు పాలిటెక్నిక్ రుసుము కట్టలేననుట నాకు అర్థము కాలేదు.

పదవ తరగతి మార్కుల ఆధారముననే చేర్చుకొను ట్రిపుల్ ఐ.టి.లు, అనగా 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయము వారివి, ఇడుపులపాయలోను నూజివీటిలోను, తరువాత ఒంగోలు శ్రీకాకుళములందును కలవు. ఆఱేండ్ల చదువు, వసతితో. ప్రభుత్వపాఠశాలలో చదివిన బిడ్డకు అందు కొంత అదనపు లెక్క కలుపుదురు. అనగా ఆ బిడ్డకు విద్యామార్గ నిర్ణయము తొమ్మిదవ తరగతిలోనే మొదలగుచున్నది.

సరిహద్దున నున్నవారికి ఒక హెచ్చరిక. మద్రాసు మనకు కూతవేటు దూరము. ‘అచ్చటి చదువు మేలు’ అని పదవ తరగతి పిదప పిల్లలను అచ్చట ప్లస్ టూలో చేర్చువారు ఈ సభలోనే పలువురు కలరు. చేర్పుడు, తప్పులేదు. కాని మన రాష్ట్రమున ప్రవేశములలో నూటికి 85 స్థానములు స్థానికులకు. మనకు స్థానికప్రాంత మనగా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతము. స్థానికత్వమును సాధారణముగ నిర్ణయించునది అర్హతపరీక్షతో ముగియునట్టి వరుస నాలుగేండ్ల చదువు ఎచ్చట జరిగెనను విషయము. రెండేండ్లు పొలిమేర దాటిన బిడ్డకు ఈ లెక్క తప్పవచ్చును. పిదప నివాసపత్రములకై కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. తమిళదేశమున ఇంజనీరింగునకు 2007నుండి ప్రవేశపరీక్షయే లేదు, ప్లస్ టూ మార్కులే కొలమానము. ఇచ్చట పరీక్ష, అచ్చట మార్కులు. ఏ యొడ్డున స్నానము చేయదలచితిమో ముందే తేల్చుకొని దిగవలెను.

అమెరికాలో స్థిరపడిన మన సంఘీయులు సెలవులకు వచ్చినప్పుడు తమ బిడ్డలు ‘ఏ.పి.’ చదువుచున్నారని చెప్పుదురు. మన ఏ.పి. కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అను పై తరగతి పాఠములు. అచ్చటి ఉన్నతపాఠశాలలోనే కళాశాలస్థాయి పాఠము లేఱుకొని చదివి, మే మాసమున పరీక్ష వ్రాసిన, ఒకటి మొదలు ఐదువఱకు అంకె వేయుదురు. మంచి యంకె వచ్చినచో పలు కళాశాలలు దానిని తమ చదువులో లెక్కించును. గణితములో పైపాఠము, దానితోడనే చరిత్రలో పైపాఠము ఒక్క బిడ్డయే చదువవచ్చును. అచ్చటను ‘ఎన్ని చదివిన ఎంత గొప్ప’ అను పోటీ పెరిగి, నిద్రలేని పిల్లలున్నారని ఆ తల్లిదండ్రులే నాతో వాపోయిరి. గడ్డలికాప్రవాహమునకు సముద్రములు అడ్డు కావు.

2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన దినములలో, మార్కుల లెక్కలో తప్పులు దొరలెనని గగ్గోలు పుట్టెను. ఆ కొద్దిదినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. వారిలో కొందఱు తప్పినారని పత్రము చెప్పినవారే. తల్లులారా, తండ్రులారా! ఫలితము వచ్చు దినమున మీ బిడ్డకు మీరు చెప్పవలసిన మాటను ముందే సిద్ధపఱచుకొనుడు. ‘ఇది పోయిన ఇంకొకటి కలదు’ అని చెప్పవలెనన్న, ఆ యింకొకటి యేదో మీకు తెలిసియుండవలెను. తెలియక చెప్పిన మాటను బిడ్డ నమ్మడు.

కావున కార్యనిర్వాహకసంఘము వారికి నా విన్నపములు మూడు. విద్యార్థివేతనముల నియమావళిలోనుండి గ్రూపుల పేర్లు తీసివేసి, పాలిటెక్నిక్, ఐ.టి.ఐ., ఆర్ట్సు, కామర్సు చదువువారిని చేర్పుడు. మన వసతిగృహమున ఏప్రిలు, మే, జూను మాసములలో, ఏ పరీక్షకు ఏ తేదీలోపల దరఖాస్తు, ఏ పత్రములు కావలెను, స్థానికపత్ర మెట్లు తెచ్చుకొనవలెను అని చెప్పగల యొక మనుష్యుని కూర్చుండబెట్టుడు. జీతము లేకుండ మొదటి యేడు ఆ పని నేను చేసెదను. ఇక మూడవది: వచ్చు మహాసభయందు శాలువల జాబితాలో డిప్లొమా చదివి పనిలో చేరిన బాలిక పేరొక్కటైనను నుండునట్లు చూడుడు. మొదటి రెండు విన్నపములు తీర్మానరూపమున వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చితిని; రేపటి ప్రాతఃకాలసమావేశమున అవి చర్చకు వచ్చును. పదవ తరగతి చదువుచున్న బిడ్డలు గలవారు తమ పేర్లు, గ్రామము, బిడ్డకు ఇష్టమైన విషయము వ్రాసి యిచ్చుటకు కాగితములు భోజనశాల ద్వారమువద్ద నుంచబడినవి. ‘ఇష్టమైన విషయము’ అనుచోట దయచేసి బిడ్డనే అడిగి వ్రాయుడు.